2024లో బెస్ట్ ఏది, వరస్ట్ ఏది? ఎక్కడ, ఎవరితో చూశారో కూడా రాయాలి

గాంధీనగర్_బాల్కనీ
ఏడాది చివరికొచ్చింది, ఎక్కడ చూసినా టాప్ టెన్ లిస్టులే. పది లిస్టులు చదివా. పదింట్లోనూ అవే మూడు పెద్ద సినిమాలు, వరస మాత్రం అటూ ఇటూ మార్చారు. వీళ్లు సినిమాలు చూసి రాశారా, వసూళ్లు చూసి రాశారా అని ఒళ్లు మండి ఇక్కడ అడుగుతున్నా. నచ్చింది ఒక్కటి, అస్సలు నచ్చనిది ఒక్కటి. ఏ ఊళ్లో, ఎవరితో చూశారో కూడా చెప్పాలి. ఊరికే పేరు పడేసి పోవద్దు.

నాది ముందు. నచ్చింది 'లక్కీ భాస్కర్'. దీపావళికి కుదర్లేదు, తర్వాతి మంగళవారం ఫస్ట్ షోకి మా బావమరిదితో వెళ్లా. వాడు బ్యాంకులో క్యాషియర్. భాస్కర్ బ్యాంకు డబ్బు శుక్రవారం బయటికి తీసి, సోమవారం పొద్దున్నే తెచ్చి పెట్టే సీన్లలో మావాడు నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. ఇంటర్వెల్‌లో టీ కూడా తాగలేదు. "బావా, లెక్క తేలేదాకా నాకు దిగదు" అన్నాడు. క్యాష్ కౌంటర్ మీద కూర్చునే మనిషికి అంత టెన్షన్ పెట్టిందంటే అది నా దృష్టిలో మంచి సినిమా.

నచ్చనిది 'భారతీయుడు 2'. 1996లో మొదటిది నాన్నతో చూశా. 28 ఏళ్ల తర్వాత నాన్ననే తీసుకెళ్లా. సగంలో ఆయన "పోదామా" అన్నారు. అంతకుముందు ఏ సినిమాకీ ఆయన అలా అనలేదు.

బెజవాడ_బ్లేజు
పుష్ప 2. ఇంకో మాట లేదు. జాతర సీన్‌కి హాలు హాలంతా లేచింది.

కొత్తపేట_కుర్రాడు
బ్లేజు అన్నా, ఎవరితో చూశావో రాయలా. రూల్ రూలే.

బెజవాడ_బ్లేజు
ఆరుగురం ఫ్రెండ్సం, డిసెంబర్ 5 పొద్దున మొదటి షో. చాలా?

తెనాలి_తమ్ముడు
బాల్కనీ అన్నా, భారతీయుడు 2 డబ్బింగ్ సినిమా. అది లెక్కలోకి రాదు. అదొస్తే 'మహారాజ', 'మంజుమ్మల్ బాయ్స్', 'అమరన్' అన్నీ వస్తాయి. అప్పుడు బెస్ట్‌లన్నీ వాళ్లవే అయిపోతాయి.

గాంధీనగర్_బాల్కనీ
తెలుగులో మాట్లాడింది, తెలుగు టికెట్ కొని చూశా. లెక్కలోకి వస్తుంది. రిలీజయ్యాక దాంట్లోంచి 12 నిమిషాల దాకా కోసేశారని గుర్తుందా? ఆ కోతేదో ముందే కోసుంటే నాన్న కూర్చునేవారేమో.

మిర్చియార్డ్_బాబు
నాకు నచ్చనిది చెప్తే మహేష్ ఫ్యాన్స్ కొడతారు, అయినా చెప్తా. 'గుంటూరు కారం'. నేను మహేష్ ఫ్యాన్‌నే. సంక్రాంతికి మా ముఠా కూలీలు పద్నాలుగు మందికి టికెట్లు నేనే తీశా. పేరు వినగానే మావాళ్లు ఎంత సంబరపడ్డారో నాకు తెలుసు. మన యార్డు, మన కాయ, మన ఊరు తెర మీదికొస్తుందని.

సినిమా మొదలైన కాసేపటికే కథ హైదరాబాద్ వెళ్లిపోయింది. సంతకం కోసం హీరో రమణ గుంటూరుకీ హైదరాబాద్‌కీ తిరిగినన్ని సార్లు మా లారీలు కూడా తిరగవు. తల్లీకొడుకుల కథ మంచిదే, కాదనను. కానీ దానికి గుంటూరు ఎందుకు? నెల్లూరైనా, కర్నూలైనా అదే కథ.

మా యార్డులో పొద్దున ఆరింటికి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగుతుంటే ఆ ఘాటుకి కొత్తవాడు పది అడుగులు వేయలేడు. పాతవాడు ముక్కుకి తువ్వాలు కట్టుకుని టీ తాగుతుంటాడు. కొనేవాడు టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, తొడిమ విరిచి, వేళ్ల మధ్య నలిపి, రంగు చూసి, తాలు కాయ, అంటే రంగు పోయిన కాయ, ఎంత ఉందో చూసి రేటు చెప్తాడు. క్వింటాకు వెయ్యి తగ్గిస్తే అవతల రైతు మొహంలో రక్తం ఉండదు. కౌలు, మందులు, కోత కూలి అన్నీ ఆ నిమిషంలో అతని కళ్లముందు తిరుగుతాయి. ఈ ఒక్క సీన్ పెట్టి ఉంటే నేను ఇంకో పద్నాలుగు టికెట్లు తీసేవాణ్ని.

సూపర్‌ఫ్యాన్_బ్రాడీపేట
బాబు గారూ, మీ బాధ అర్థమైంది కానీ వరస్ట్ అనడం అన్యాయం. 'కుర్చీ మడతపెట్టి' పాటకి హాల్లో కింద కూర్చున్నవాడు ఒక్కడు కనపడితే చెప్పండి. మహేష్ బాబు అంత హుషారుగా డాన్స్ చేసి ఎన్నేళ్లయింది? నంబూరు దగ్గర ప్రీరిలీజ్‌కి వచ్చిన జనాన్ని చూశారా? హైవే మీద నడిచి వెళ్లాం మేము.

మిర్చియార్డ్_బాబు
నేనూ నడిచే వచ్చా తమ్ముడూ. అందుకే బాధ. రానివాడికి బాధెందుకుంటుంది? పాటకి మా కూలీలూ ఎగిరారు. బయటికొచ్చాక వాళ్లలో పెద్దాయన ఒక మాటన్నాడు, "మనం అందులో లేం కదయ్యా" అని. నేనేం చెప్పాలి?

అరండల్‌పేట_నాలుగోలైను
ఆ మాటతో నాకు ఇంక వాదించాలనిపించలేదు.

సూపర్‌ఫ్యాన్_బ్రాడీపేట
నిరుత్సాహపరచిన సినిమా అనండి, ఒప్పుకుంటా. వరస్ట్ అనొద్దు. రెండూ వేరు.

పటమట_పద్మ
ఇది మంచి పాయింటు. మనం వరస్ట్ అంటున్నవన్నీ ఆశ పెట్టుకుని దెబ్బతిన్నవే. ఆగస్టు 15కి వచ్చిన రెండు పెద్ద సినిమాల మీద ఎవరూ ఒక్క ముక్క రాయలేదు చూడండి. వాటి మీద ఆశ లేదు, అందుకని కోపమూ లేదు. నన్నడిగితే ఏమీ గుర్తులేని సినిమానే వరస్ట్. 'మిస్టర్ బచ్చన్' చూశా, హిందీ 'రైడ్'కి రీమేక్. ఇప్పుడు కథ చెప్పమంటే హిందీ దాని కథే చెప్తాను.

నచ్చింది 'ఆయ్'. అదీ ఆ ఆగస్టు 15దే. కోనసీమ వాన, ముగ్గురు ఫ్రెండ్స్. అత్తయ్యతో చూశా. ఆవిడది అమలాపురం పక్కనే, "మా యాస మావాళ్లు మాట్లాడినట్టే ఉంది" అని సినిమా అంతా నా చెవిలో చెప్తూనే ఉంది.

నేల_టికెట్
ఆగస్టులో నాకు బెస్ట్ సినిమా 'మురారి'. 2001దే. ఆగస్టు 9న మహేష్ పుట్టినరోజుకి మళ్లీ వేశారు కదా. పెళ్లి పాటకి మా హాల్లో అక్షింతలు వేశారు. మా అమ్మకి అప్పుడు ఇరవై ఏళ్లు, ఇప్పుడు నాకు ఇరవై. పక్కపక్కన కూర్చుని చూశాం.

కొత్తపేట_కుర్రాడు
నాకు మంట పుట్టేది అక్కడే. ఆ రోజే 'కమిటీ కుర్రోళ్ళు' వచ్చింది. పదకొండు మంది కొత్త కుర్రాళ్లు, కొత్త డైరెక్టర్. గోదావరి పల్లెలో జాతర, సర్పంచ్ ఎన్నిక, కులం పేరుతో చీలిపోయిన స్నేహం. మా హాల్లో తొమ్మిదో తారీకు మ్యాట్నీకి మేం పాతిక మందిమి. పక్క హాల్లో మురారికి స్క్రీన్ ముందు డాన్సులు, ఆ అరుపులు గోడ దాటి మాకు వినపడుతున్నాయి. కొత్తవాళ్లని చూడటానికి రానివాళ్లు మళ్లీ కొత్త కథలు రావట్లేదని ఏడుస్తారు.

నేల_టికెట్
అన్నా, మా అమ్మ ఏడాదికి ఒక్క సినిమాకి వస్తుంది. ఆవిడ ఏది చూడాలో కూడా మనమే చెప్పాలా? నేను తర్వాతి వారం కమిటీ కుర్రోళ్ళు కూడా చూశా. అప్పటికి హాలు నిండింది, నోటి మాటతోనే.

కొత్తపేట_కుర్రాడు
సరే, అమ్మకి మినహాయింపు. నీకు కాదు.

ప్రొజెక్టర్_రూమ్
పదకొండేళ్లుగా ఆపరేటర్‌ని. ఏ హాలో అడక్కండి, ఉద్యోగం. మీరు హాల్లోంచి చూస్తారు, నేను కిటికీలోంచి చూస్తా కాబట్టి రెండు మాటలు.

మొదటిది పుష్ప 2. నిడివి 3 గంటల 20 నిమిషాలు. ఇంటర్వెలూ, ఊడ్చుకోవడం కలిపితే షోకి నాలుగు గంటలు. పొద్దున ఆరున్నరకి మొదలుపెడితే ఐదో షో అయ్యేసరికి రాత్రి రెండున్నర. మొదటి మూడు రోజులు ఇంటికి వెళ్లలేదు, రూములోనే చాప వేసుకున్నా. కానీ జాతర సీన్ టైముకి ప్రతి షోకీ లేచి కిటికీ దగ్గరికి వెళ్లా. తిరుపతి గంగ జాతరలో మగవాళ్లు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకోవడం నిజంగా ఉన్నదే. దాన్ని అంత పెద్ద హీరో చేత, అంత నిష్ఠగా చేయించడం చిన్న విషయం కాదు. చివరి అరగంట మాత్రం సాగదీశారు. పదిహేను షోలు చూసినవాడిగా చెప్తున్నా.

రెండోది, 'గామి' బాలేదు, 'క' అర్థం కాలేదు అని ఎవరైనా అనేముందు, ఏ హాల్లో చూశారో గుర్తు తెచ్చుకోండి. ప్రొజెక్టర్ లాంపుకి గంటల లెక్క ఉంటుంది. ఆ గంటలు దాటాక కూడా దాన్నే వాడితే తెర మసకబారుతుంది. పగటి సీన్లలో తెలీదు. రాత్రి సీన్లలో హీరో చొక్కా, వెనక గోడ ఒకటే నలుపు. 'క'లో ఊరికి మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది, కథంతా ఆ చీకటి మీదే నడుస్తుంది. లాంపు పోయిన హాల్లో దాన్ని చూస్తే ఏం కనపడుతుంది? సౌండూ అంతే. ఏడు మీద పెట్టాల్సింది, స్పీకర్లు పోతాయని ఐదు మీద నడుపుతారు. డైరెక్టర్‌ని తిట్టేముందు ఒకసారి వెనక్కి తిరిగి మా కిటికీ వైపు చూడండి.

పటమట_పద్మ
ఇన్నేళ్లుగా సినిమాలు చూస్తున్నా, ఇది నాకెవ్వరూ చెప్పలేదు. 'గామి' నేను సగం గెస్ చేసుకుంటూ చూశా. నా కళ్లజోడు మార్చాలేమో అనుకున్నా.

తెనాలి_తమ్ముడు
ఆరేళ్లు తీశారు దాన్ని, జనం దగ్గర చందాలు పోగేసి మొదలుపెట్టిన సినిమా. అది మసక తెర మీద పోయిందంటే ప్రాణం ఉసూరుమంటోంది.

బెజవాడ_బ్లేజు
ఆపరేటర్ అన్న నా పార్టీ. జాతర సీన్ చాలు.

అరండల్‌పేట_నాలుగోలైను
పుష్ప 2 పేరెత్తితే నాకు డిసెంబర్ 4 రాత్రి సంధ్య థియేటర్ దగ్గర తొక్కిసలాటే గుర్తొస్తోంది. సినిమా చూడ్డానికి వెళ్లిన తల్లి తిరిగి రాలేదు. నేను ఆ సినిమాని బెస్ట్ అనీ అనలేను, వరస్ట్ అనీ అనలేను. ఇంకా చూడలేదు.

బెజవాడ_బ్లేజు
అది నిజం. మేం కూడా ఆ పొద్దున ఫోన్లో వార్త చూశాకే లోపలికి వెళ్లాం. ఈలలు వేయడానికి చాలాసేపు పట్టింది.

తెనాలి_తమ్ముడు
నా బెస్ట్ 'కల్కి'. మా తాతయ్యతో, జూన్ 29, శనివారం మ్యాట్నీ. మా తాతయ్య నాటకాల మనిషి. తెనాలి చుట్టుపక్కల ఊళ్లలో పడక సీను, రాయబారం పద్యాలు పాడినాయన. 81 ఏళ్లు. మొదటి గంట ఆయనా నేనూ ఇద్దరం కుర్చీలో కదులుతూనే ఉన్నాం, ఆ కాంప్లెక్స్ అనే ఊరేమిటో, ఆ బళ్లేమిటో ఆయనకి ఎక్కలేదు.

అశ్వత్థామగా అమితాబ్ లేచి నిలబడ్డాక తాతయ్య ముందుకి వంగారు, ఇంక వెనక్కి వాలలేదు. బయటికొచ్చాక ఆయన చెప్పింది విన్నాక నాకు సినిమా రెండోసారి అర్థమైంది. అశ్వత్థామకి శాపం ఎందుకొచ్చింది? ఉత్తర కడుపులో ఉన్న బిడ్డ మీద అస్త్రం వేసినందుకు. వాడి చేతే ఇంకో తల్లి కడుపులో బిడ్డకి కాపలా కాయిస్తున్నాడు డైరెక్టర్. "పాపం ఎక్కడ చేశాడో అక్కడే కడుక్కోవాలి, అది కుదిరింది" అన్నారు. ఆటోలో ఇంటికొచ్చేదాకా పద్యం పాడుతూనే ఉన్నారు. ఆటో డ్రైవర్ డబ్బులు వద్దన్నాడు, మేం బలవంతంగా ఇచ్చాం.

సూపర్‌ఫ్యాన్_బ్రాడీపేట
మరి చివర్లో ప్రభాస్‌ని కర్ణుడిగా చూపించి, అర్జునుణ్ని తక్కువ చేశారు కదా. దానికి తాతయ్య ఏమన్నారు?

తెనాలి_తమ్ముడు
దానికి మాత్రం కోప్పడ్డారు. ఉత్తర గోగ్రహణంలో కర్ణుడు అర్జునుడి ముందు నిలవలేకపోయాడని మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ కూడా చెప్పారు.

నేల_టికెట్
కర్ణుడికి కవచకుండలాలు అడిగి తీసుకోకపోతే అప్పుడు తెలిసేది.

తెనాలి_తమ్ముడు
గోగ్రహణం నాటికే కవచం పోయింది కాబట్టి ఆ వాదన నువ్వు చెయ్యొచ్చు. ఘోషయాత్రలో గంధర్వులు కొట్టినప్పుడు కవచం ఒంటి మీదే ఉంది. అప్పుడెందుకు పారిపోయాడు?

గాంధీనగర్_బాల్కనీ
ఇది మొదలైతే సంక్రాంతి దాకా తెగదు. దీనికి వేరే చోటు పెట్టుకోండి బాబూ.

మంగళగిరి_మగ్గం
ఇంతమంది రాశారు, 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు' ఒక్కరూ అనలేదు. ఫిబ్రవరిలో వచ్చినందుకు మర్చిపోయారా?

మా నాన్న బ్యాండు మేళంలో క్లారినెట్ వాయించేవారు. పెళ్లివాళ్లు ముందు వాయించమంటారు, భోజనాలకి మాత్రం చివరి బంతి దాకా ఆగమంటారు. ఎర్రకోటు చంకల్లో చిరిగితే అమ్మ లోపలి వైపు నుంచి కుట్టేది, బయటికి కనపడకుండా. సినిమాలో హీరో మల్లికి గుండు కొట్టించే సీన్‌కి నాన్న తలవంచుకున్నారు. వాళ్ల అక్క పద్మ పోలీస్ స్టేషన్లో నిలబడ్డప్పుడు మళ్లీ తల ఎత్తారు. శరణ్య ప్రదీప్ ఆ సీన్లో చేసింది ఈ ఏడాది ఏ హీరో చేయలేదు. మల్లిగా చేసిన సుహాస్ మన బెజవాడ కుర్రాడే కదా, ఆ లెక్కన అయినా గుర్తుపెట్టుకోవాల్సింది.

వరస్ట్ గురించి నేను రాయను. ఏడాదికి మూడు సినిమాలు చూస్తా, మూడూ బాగున్నవే ఎంచుకుంటా.

పటమట_పద్మ
నేను మర్చిపోయాను, తప్పు నాదే. పద్మ పాత్ర చూసి ఆ రాత్రి నిద్రపట్టలేదు నాకు.

మిర్చియార్డ్_బాబు
మగ్గం గారూ, మా పెద్దాయన అడిగింది ఇదే. "మనం అందులో ఉన్నాం" అనిపించే సినిమా. ఈ ఆదివారం యార్డుకి సెలవు, మావాళ్లకి చూపిస్తా.

లెక్కల_మాస్టారు
'35 చిన్న కథ కాదు'. సెప్టెంబర్ 6న వచ్చింది. గుంటూరులో హైస్కూల్లో లెక్కలు చెప్తాను, 19 ఏళ్లుగా. అందులో పిల్లవాడు అరుణ్ అడిగే ప్రశ్న, సున్నాకి విలువ లేనప్పుడు ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది అని. నా క్లాసులో ఈ ప్రశ్న కనీసం ముగ్గురు అడిగి ఉంటారు. "రూల్ అంతే, రాసుకో" అని కూర్చోబెట్టాను. ప్రియదర్శి చేసిన చాణక్య మాస్టారిని తెర మీద చూస్తుంటే నా గొంతు నాకే వినపడింది.

మర్నాడు స్కూల్లో ఆరో తరగతికి వెళ్లి స్థాన విలువ మళ్లీ మొదటి నుంచి చెప్పాను, చింతపిక్కలు పట్టుకెళ్లి. పది పిక్కలు ఒక గుడ్డలో మూట కట్టి "ఇది ఒక మూట, విడిగా ఎన్ని మిగిలాయి?" అని అడిగా. ఏమీ మిగల్లేదు. "ఆ ఏమీ లేదని రాయడానికే సున్నా. ఆ గుర్తు పెట్టకపోతే ఈ మూట ఒక పిక్క అనుకుంటాం" అన్నా. వెనక బెంచీలో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల "ఓహో" అంది. ఆ ఒక్క ఓహో కోసం టికెట్ డబ్బులు వందసార్లు ఇవ్వొచ్చు.

సింగ్‌నగర్_మేడమీద
మాస్టారూ, మీరు రాసింది మా అబ్బాయికి చదివి వినిపించా.

మాది సింగ్‌నగర్. సెప్టెంబర్ 1, ఆదివారం మ్యాట్నీకి 'సరిపోదా శనివారం' నాలుగు టికెట్లు బుక్ చేసుకున్నాం. శనివారం అంతా వాన. ఆదివారం పొద్దున బుడమేరు నీళ్లు మెట్ల దాకా వచ్చాయి, మధ్యాహ్నానికి కింద వాటా మునిగింది. మూడు రోజులు మేడ మీదే ఉన్నాం. హెలికాప్టర్ నుంచి పులిహోర పొట్లాలు, నీళ్ల బాటిళ్లు వేశారు. మాది టీవీ పోయింది, ఫ్రిజ్ పోయింది, పిల్లల పుస్తకాలు పోయాయి. నాలుగో రోజు పడవలో ఫ్లైఓవర్ దగ్గరికి వచ్చి, అక్కణ్నుంచి గుంటూరు మా అక్క వాళ్లింటికి వెళ్లాం. బురద కడిగి ఇల్లు మళ్లీ సర్దుకునేసరికి దసరా.

35 ఆ వారమే వచ్చింది. బెజవాడలో అప్పుడు సినిమాకి ఎవరు వెళ్తారు? అక్టోబర్లో ఆహా ఓటీటీలో వచ్చాక మా ఆయన ఫోన్లో చూశాం, బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి, నలుగురం నేల మీద పడుకుని. మావాడు ఏడో తరగతి, లెక్కల్లో వాడికీ పాతిక దాటవు. నివేదా థామస్ పాత్ర పదో తరగతి పాసవని తల్లి కదా, కొడుకు కోసం తను కూర్చుని నేర్చుకుంటుంది. మావాడు సినిమా అయ్యాక ఏమీ అనలేదు. మర్నాడు తడిసి ఆరిన లెక్కల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి. ఇద్దరం కూర్చుని స్కేలు అంచుతో ఒక్కొక్క పేజీ విడదీశాం.

నా బెస్ట్ అదే. వరస్ట్ ఏదీ లేదు, ఈ ఏడాది నేను పెద్ద తెర మీద ఒక్కటీ చూడలేదు.

గాంధీనగర్_బాల్కనీ
అక్కా, ఈ చర్చ పెట్టినందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.

లెక్కల_మాస్టారు
అమ్మా, ఏడో తరగతి లెక్కల పుస్తకం కొత్తది నా దగ్గర ఉంది. మీ అక్కగారిది గుంటూరే అన్నారు కదా. ఈసారి వచ్చినప్పుడు అబ్బాయిని తీసుకురండి. చింతపిక్కలు కూడా ఉన్నాయి.

సింగ్‌నగర్_మేడమీద
తప్పకుండా మాస్టారూ. పాత పుస్తకం మాత్రం వాడు పారేయనివ్వడం లేదు.

కొత్తపేట_కుర్రాడు
బెజవాడలో 256 అడుగుల రామ్ చరణ్ కటౌట్ పెట్టారు, చూశారా ఎవరైనా? సంక్రాంతికి జనవరి 10న ఒక సినిమా, 12న ఒకటి, 14న ఒకటి. అక్కా, మీరు ఏదో ఒకటి పెద్ద తెర మీద చూడాల్సిందే.

సింగ్‌నగర్_మేడమీద
పిల్లలు వెంకటేష్ సినిమా అంటున్నారు. 14న మ్యాట్నీ చూద్దామా అని మా ఆయన అడిగారు పొద్దున్నే.

ప్రొజెక్టర్_రూమ్
ఏ హాలుకి వెళ్లాలో నాకు విడిగా మెసేజ్ పెట్టండి అక్కా. కొత్త లాంపు ఎక్కడ వేశారో నాకు తెలుసు. మధ్య వరస కంటే రెండు వరసలు వెనక తీసుకోండి, నాలుగు సీట్లు.